గట్టు అవతలి ఉప్పు: రొయ్యల చెరువు పక్కన మూడెకరాల వరి చేను

2022 ఆగస్టు ఆఖరి వారంలో ఫోన్ వచ్చింది. "ఏవండీ, నారు ఊడ్చి మూడు వారాలైందండి. పడమటి పక్క ఆకు కొసలు తెల్లగా మాడిపోతన్నాయి. ఇంకో కట్ట యూరియా ఎయ్యమంటారా?"

వద్దన్నాను. కారణం తెలిసి కాదు, చేను చూడకుండా ఫోన్లో ఎరువు చెప్పకూడదని పెట్టుకున్న నియమం. నేను ఏజీ బీఎస్సీ చదివి, కొన్నాళ్ళు ఎరువుల అమ్మకాల్లో తిరిగి, ఇప్పుడు సొంతంగా మట్టి, నీటి పరీక్షలు చేసి సలహాలు చెప్పుకుంటూ బతుకుతున్నాను. ఆ అమ్మకాల రోజుల్లో ఫోన్లో చెప్పిన కట్టలు ఎన్నో! అందుకే ఈ నియమం.

మనిషి కౌలు రైతు, వయసు యాభై దాటింది. భీమవరానికి దక్షిణాన, సముద్రం వైపు పోయేకొద్దీ నేల పల్లమయ్యే చోట, కాలువ శివారులో 3 ఎకరాల 20 సెంట్లు చేస్తున్నాడు. ఊరి పేరూ మనుషుల పేర్లూ రాయను. అక్కడ అందరూ ఒకరికొకరు చుట్టాలే. పైగా ఇందులో తప్పు ఎవరిదో చివరిదాకా నాకే తేలలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. చేనుకి తూర్పున సాగునీటి బోదె, ఉత్తరాన ఇంకొకరి వరి, దక్షిణాన మురుగు బోదె. పడమటి గట్టు మాత్రం వరి గట్టు కాదు. ఆరడుగుల ఎత్తున నిలబడిన చెరువు గట్టు. దాని మీదకెక్కితే అవతల వనామి రొయ్యల చెరువు, నీటికి గాలి అందించే నాలుగు ఏరేటర్లు నురగలు చిమ్ముతున్నాయి, పైన పక్షులు వాలకుండా కట్టిన తాళ్ళు. దిగి వెనక్కి చూస్తే చేనులో తేడా పై నుంచే కనిపించింది. గట్టు పొడుగునా పదిహేను, పదహారు మీటర్ల మేర ఒక పట్టీ. అక్కడ మొక్కకి రెండు మూడు పిలకలే ఉన్నాయి, మిగతా చేలో తొమ్మిదీ పదీ. ఆకు కొసల నుంచి తెల్లబడి చుట్టుకుపోతోంది. మొక్క పీకితే వేళ్ళు గోధుమరంగులో, కొత్త తెల్ల వేరు ఒక్కటి లేదు.

గట్టు పాదం దగ్గర కాస్త ఆరిన చోట తెల్లటి పొర కట్టింది. గోటితో గీరి నాలుకకి రాసుకున్నాను. ఉప్పు. మీటరు సంచిలోనే ఉంది, కానీ ఈ అలవాటు పోదు.

ముందే పడ్డ ఖర్చు

నేను వెళ్ళేసరికే వైద్యం చాలా జరిగింది. పసుపు తిరిగిందని రెండు సార్లు యూరియా. తగ్గలేదని జింక్ సల్ఫేట్. అదీ కాదని దుకాణంలో చెప్తే పది కట్టల జిప్సం, ఒక టానిక్ సీసా. అంతా కలిపి పదకొండు వేలు దాటింది. ఈ మొత్తంలో యూరియా సంగతి నాకు ఎక్కువ బాధ కలిగించింది. గోదావరి డెల్టాలో సార్వా (ఖరీఫ్) వరికి ఎకరానికి 36 కిలోల నత్రజని సరిపోతుంది. 45 కిలోల యూరియా కట్టల్లో లెక్కేస్తే రెండు కట్టలు కూడా కాదు. ఈయన పట్టీ మీదే అంతకు మించి పడింది. వేరు తాగలేని స్థితిలో ఉన్నప్పుడు వేసిన యూరియా గాల్లోకో బోదెలోకో పోతుంది తప్ప మొక్కకి చేరదు.

జిప్సం మాట దగ్గర ఆగాలి. మన పెద్దవాళ్ళు చౌడుని రెండుగా విడదీసి పేర్లు పెట్టారు. పాలచౌడు అంటే పైన తెల్లగా ఉప్పు పేరుకునే నేల. అందులో కరిగే లవణాలు ఎక్కువ, పీహెచ్ 8.5 దాటదు, నీళ్ళు పెట్టి కడిగి మురుగు బయటికి పంపితే బాగుపడుతుంది. కారుచౌడు అంటే నల్లగా, తడిస్తే బంకలా, ఆరితే పెంకులా ఉండే నేల. అక్కడ మట్టి రేణువులకి సోడియం అంటుకుని ఉంటుంది, పీహెచ్ 8.5 దాటుతుంది, నీళ్ళు కిందికి ఇంకవు. జిప్సంలోని కాల్షియం ఆ సోడియాన్ని తప్పించి దాని చోట కూర్చుంటుంది. అంటే జిప్సం కారుచౌడు మందు. పాలచౌడుకి అది వేస్తే ఉప్పు మీద ఇంకో ఉప్పు వేసినట్టే. దుకాణంలో మాత్రం "చౌడా? జిప్సం ఎయ్" అంటారు. రెండు పేర్లున్న జబ్బుకి ఒకటే మందు.

ఆయన దగ్గర భూసార పరీక్ష కార్డు ఉంది. అందులో ఈసీ, అంటే కరిగిన ఉప్పు ఎంతుందో కరెంటు పారే తీరుని బట్టి చెప్పే అంకె, 0.6, 'సాధారణం' అని ఉంది. కార్డు అబద్ధం చెప్పలేదు. 2015లో మొదలైన ఆ పథకంలో సాగునీటి భూముల్లో రెండున్నర హెక్టార్లకి ఒక నమూనా తీస్తారు. అంటే ఆరెకరాలకి పైగా నేలకి ఒకటే సంఖ్య. గట్టు పక్కన పదహారు మీటర్ల పట్టీకి ఆ కార్డులో చోటు లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీళ్ళు కలిపి ఈసీ చూస్తారు చాలా ల్యాబుల్లో. ఉప్పు నేల అనడానికి పుస్తకాల్లో ఉండే 4 అనే హద్దు మాత్రం, తడి ముద్ద చేసి పిండిన నీటిది. మా ఒండ్రు నల్లమట్టిలో ఆ రెంటికీ రెండున్నర నుంచి మూడు రెట్ల తేడా వస్తుంది. కార్డులో 1.5 చూసి 'నాలుగు కన్నా తక్కువే కదా' అని ధైర్యంగా ఊడ్చి దెబ్బతిన్న రైతుల్ని నేనే ముగ్గుర్ని చూశాను. వరికి ముద్ద లెక్కలో 3 దాటితే చాలు. ఆ పైన ఒక్కో అంకెకీ దిగుబడి నూటికి పన్నెండు చొప్పున పడిపోతుంది.

ఒకే కాలువ, నాలుగు సాగులు

మా వైపు ఒకే కాలువ కింద నాలుగు రకాల సాగు కనిపిస్తుంది: రెండు పంటల వరి, వరి తర్వాత మినుము, మంచినీటి చేపల చెరువు, ఉప్పునీటి రొయ్యల చెరువు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట అయ్యాక వరి విస్తరించింది. 1982లో మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ రకం, అంటే ఎంటీయూ 7029, సార్వాని ఏళ్ళ తరబడి ఏలింది. కొల్లేరు చుట్టూ బొచ్చె, శీలావతి చెరువులు పెరిగాయి. తొంభైల్లో టైగర్ రొయ్య వచ్చింది, 1994-95లో తెల్లమచ్చ వైరస్ ఊడ్చుకుపోయింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు వ్యవసాయ భూముల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదని తీర్పిచ్చింది. అది చదివినవాళ్ళు ఇప్పుడు మా మండలం మీదుగా ఒకసారి బస్సులో వెళ్తే బాగుణ్ణు.

వనామికి దేశంలో అనుమతి 2009లో వచ్చింది. దాని గుణమే ఈ కేసుకి మూలం. అది చాలా తక్కువ ఉప్పులో కూడా బతుకుతుంది. కాబట్టి సముద్రపు ఒడ్డునే ఉండక్కర్లేదు. ఉప్పు బోరు వేసి, కాలువ నీళ్ళు కలిపి, మెగ్నీషియం, పొటాషియం మినరల్స్ పోస్తే వరి చేను మధ్యలోనే పెంచుకోవచ్చు. అలా ఉప్పు, కాలువ ఎగువకి నడిచి వచ్చింది. వరి కౌలు బస్తాల్లో మాట్లాడుకుంటారు, చెరువు కౌలు లక్షల్లో మాట్లాడుకుంటారు. భూమి ఉన్నవాణ్ణి ఎవరు ఆపగలరు?

గొట్టాలు

పట్టీ మీద మట్టి తీశాను. గట్టు నుంచి 5 మీటర్ల దగ్గర ఈసీ 3.4, 15 దగ్గర 2.1, 40 దగ్గర 1.1, 90 దగ్గర 0.6. ముద్ద లెక్కలోకి మారిస్తే మొదటిది పది చుట్టూ ఉంటుంది. అక్కడ స్వర్ణ బతికుండటమే గొప్ప. అన్నిచోట్లా పీహెచ్ ఎనిమిదికి లోపే. నేను నోట్సులో 'పాలచౌడు' అని రాసి కింద గీత గీశాను. ఈ గీత సంగతి తర్వాత చెప్తాను.

చెరువు నీటి ఉప్పదనం 6 పీపీటీ, అంటే వెయ్యి వంతుల్లో ఆరు. దాని ఈసీ పదికి అటూ ఇటూగా ఉంటుంది. కాలువ నీటిది 0.3.

ఉప్పు గట్టు పక్కన ఉంది కాబట్టి చెరువే కారణం అనుకోవడం తేలిక. చెరువు కౌలుదారు ముందే అనేశాడు: "నల్లమట్టి గట్టండి, నీళ్ళు దిగవు. ఈ నేల ఎప్పుడూ ఉప్పుదే." సగం నిజమే. ఇక్కడ భూగర్భ జలం ఉప్పుదే, ఊళ్ళకి తాగునీళ్ళు కూడా కాలువతో నింపుకునే మంచినీళ్ళ చెరువుల నుంచే. కాబట్టి రుజువు కావాలి.

రెండంగుళాల పీవీసీ గొట్టాలు అయిదడుగులవి నాలుగు తెప్పించాను. కింది రెండడుగుల్లో చిల్లులు వేసి, నైలాన్ గుడ్డ చుట్టి, మట్టి తీసిన నాలుగు దూరాల్లోనే దించాం. ప్రతి ఆదివారం రైతు కొడుకు దారానికి నట్టు కట్టి లోపల నీటి మట్టం కొలిచి నాకు వాట్సాప్‌లో పంపేవాడు. ఇంటర్ చదువుతున్న పిల్లాడు. లెక్క తప్పలేదు ఒక్కసారి కూడా.

చేలో నీళ్ళు రెండంగుళాలున్న రోజు మొదటి గొట్టంలో నీళ్ళు చేను నీటి కంటే అయిదంగుళాలు పైకి నిలబడ్డాయి. రెండో దాంట్లో రెండంగుళాలు పైకి. మూడూ నాలుగూ చేను నీటితో సమానం. అంటే గట్టు దగ్గర నీరు పై నుంచి కిందికి ఇంకడం లేదు, కింద నుంచి పైకి నెట్టుకొస్తోంది. చెరువంటే మనం గొయ్యి అనుకుంటాం. ఇక్కడ చెరువు గొయ్యి కాదు, చుట్టూ గట్లు లేపి పైకి కట్టిన తొట్టి. అందులో నీరు చేను కన్నా నాలుగడుగులు ఎత్తున ఉంది. ఆ బరువు రాత్రింబవళ్ళు నేలని నొక్కుతోంది. నల్లమట్టి నీటిని దిగనివ్వదన్నది నిజమే. కానీ ఆ గట్టు కట్టినప్పుడు పాత కొబ్బరి చెట్లు కొట్టేశారట, వేళ్ళు కుళ్ళిన దారులు లోపలే ఉన్నాయి. పీతల బొక్కలు సరేసరి.

ఇదొక దారి. రెండోది అక్టోబరు 9న దొరికింది. ఆ రోజు పౌర్ణమి. తెల్లవారుజామున చెరువులో పట్టుబడి, అంటే రొయ్యల్ని పట్టెయ్యడం, అయి, నీళ్ళు మురుగు బోదెలోకి వదిలారు. మామూలుగా బోదె నీటి ఈసీ 1.2 ఉండేది. పిల్లాడు నా పాత మీటరు ముంచి ఫోటో పంపాడు: 9.1. అదే సమయంలో సముద్రం పోటు మీద ఉంది, పెద్ద డ్రెయిన్ ఎదురుతన్నింది, బోదె కదల్లేదు. చేను మురుగు తూముకి తలుపు ఎప్పుడో విరిగిపోయింది. బోదె నీళ్ళు వెనక్కి తిరిగి నైరుతి మూల చేలోకి ఎక్కాయి. పంట సరిగ్గా పొట్ట మీద ఉంది, కంకి ఇంకా బయటికి రాలేదు. వరి ఉప్పుకి ఓర్చుకోలేని దశలు రెండు: నారు దశ, మళ్ళీ పొట్ట నుంచి పూత. రెండిట్లోనూ దెబ్బ తగిలింది.

డిసెంబరులో పట్టీని విడిగా కోయించాను. 50 సెంట్లకి అయిదు బస్తాలు, అందులో తాలు ఎక్కువ. మిగతా చేలో ఎకరానికి 27.

అవతలి గట్టు మనిషి

చెరువు కౌలుదారుతో మాట్లాడటానికి వెళ్ళేటప్పుడు రైతు రానన్నాడు. "ఆయన మా బావమరిది ఏలువిడిచిన మావయ్యండి, మాటా మాటా వస్తే బాగోదు." నేనొక్కణ్ణే వెళ్ళాను.

మేత గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. గొట్టాల లెక్క చూపించాను. చాలాసేపు చూసి, కాగితం తిరగేసి, తన కథ మొదలుపెట్టాడు. రెండు పంటలు తెల్లమచ్చతో పోయాయి. మిగిలినవి ఎదక్కుండా ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి జబ్బు. కిలో మేతలో ఉండే నత్రజనిలో పాతిక, ముప్ఫై శాతమే రొయ్య ఒంట్లోకి పోతుంది, మిగతాది చెరువు అడుగున నల్లబురదయి కూర్చుంటుంది. అది వదలక తప్పదు, వదిలితే పై చెరువువాడి జబ్బు నాకొస్తుంది, నాది కింది వాడికి. "మా నీళ్ళు మేమే ఒకళ్ళవి ఒకళ్ళం తాగుతన్నామండి."

తర్వాత ఆయన అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. "మరి వరోళ్ళు దోమకి మందు కొట్టిన నీళ్ళు నా చెరువులోకి వత్తే? అప్పుడు నేనెవరి దగ్గర గొట్టాలు పాతాలి?"

నిజం. సింథటిక్ పైరెథ్రాయిడ్లు రొయ్య జాతికి పరమ విషం. నీటిలో కంటికి కనపడనంత ఉన్నా చాలు. సైపర్‌మెత్రిన్ కొట్టిన చేను నీళ్ళు బోదెలోంచి మోటారుకి అందితే తెల్లారేసరికి సీడ్, అంటే రొయ్య పిల్లలు, చచ్చి అడుగున ఉంటుంది. అసలు వరిలో దోమకి, అంటే మొక్క రసం పీల్చే సుడిదోమకి, పైరెథ్రాయిడ్ కొట్టడమే తప్పు. సాలీళ్ళూ మిరిడ్ నల్లులూ ముందు చస్తాయి, దోమ రెట్టింపై తిరిగొస్తుంది. ఇండోనేషియాలో ఇలాగే దోమపోటు విరగబడితే 1986లో అక్కడి ప్రభుత్వం ఒక్క దెబ్బతో 57 రకాల మందుల్ని వరిలో నిషేధించింది. మా వైపు ఇప్పటికీ 'ఘాటు వాసన వచ్చే మందు' అని అడిగి మరీ కొనుక్కుంటారు. వరి పచ్చగా ఉంటుంది కాబట్టి అది పర్యావరణం, చెరువు నల్లగా ఉంటుంది కాబట్టి అది కాలుష్యం అనుకునే అలవాటు నాకూ ఉండేది. ఆ మేత గదిలో అది కొంత వదిలింది. నిలవ నీటి వరి చేను మీథేన్ వదులుతుంది, యూరియా బోదెల్లోకి వదులుతుంది, మందు వదులుతుంది. చెరువు ఉప్పు వదులుతుంది, బురద వదులుతుంది. రెండూ వదిలేది ఒకే మురుగు బోదెలోకి. మా బోదె యనమదుర్రు డ్రెయిన్‌లో కలుస్తుంది, అక్కడి నుంచి సముద్రానికి.

గంటన్నర తర్వాత ఒప్పందం ఇలా తేలింది. గట్టు వెంబడి చేను వైపున మూడడుగుల లోతు అడ్డ కాలువ తవ్వాలి, ఊట అందులో దిగాలి. పొక్లెయిన్ ఖర్చు చెరో సగం. కాలువలో చేరిన ఉప్పునీటిని ఆయనే మోటారుతో చెరువులోకి తోడుకుంటాడు. ఎందుకంటే ఆ ఉప్పు ఆయనకి కావాలి, బోరు కరెంటు కలిసొస్తుంది. బదులుగా రైతు మందు కొట్టే రెండు రోజుల ముందు ఫోన్ చెయ్యాలి, ఆ తర్వాత పది రోజులు ఆయన తోడడు. మురుగు తూముకి బయటి నీరు తోస్తే మూసుకునే తలుపు పెట్టించడం రైతు వంతు. పట్టుబడి నీళ్ళు పోటు తీశాకే వదలడం ఆయన వంతు. కాగితం రాసుకోలేదు. మూడేళ్ళలో ఇద్దరూ చెరోసారి మాట తప్పారు.

నేను చేసిన తప్పు

2023 మేలో కాలువ తవ్వారు. అయిదు సెంట్లు దానికి పోయింది, పట్టీ 45 సెంట్లు మిగిలింది. జూన్‌లో కడగాలి. మడిలో నాలుగంగుళాల నీరు పెట్టి, రెండు రోజులుంచి, వదిలెయ్యాలి, అలా మూడు తడవలు. మొత్తం అడుగు నీరు, అడుగు మట్టిలోని ఉప్పులో ముప్పాతిక దాకా కిందికి తీసుకుపోతుంది. ఆ ఏడు వానలు ఆలస్యం. శివారు భూమికి కాలువ నీరు చేరేసరికి పైవాళ్ళంతా దమ్ములు పట్టారు. రైతు మూడు రాత్రులు బోదె దగ్గర పడుకుని రెండు తడవలు సంపాదించాడు. ఉప్పుకి కాస్త ఓర్చే ఎంటీయూ 1061 రకం ఊడ్చాం.

ఈసీ దిగింది. 5 మీటర్ల దగ్గర 3.4 ఉన్నది 1.5కి వచ్చింది. నేను సంతోషపడ్డాను. రైతు సంతోషపడలేదు. "ఉప్పు పోయిందంటున్నారు కానండి, మడిలో నీళ్ళు తేరుకోవట్లేదు. కాలు పెడితే జిగురు."

వెళ్ళి చూస్తే పట్టీలో నీళ్ళు బియ్యం కడిగిన కుడితిలా ఉన్నాయి, పక్క మడిలో అడుగు కనిపిస్తోంది. ఇంటికొచ్చి గాజు గ్లాసులో వాన నీళ్ళు పోసి, పట్టీ మట్టి గడ్డ ఒకటి గోళీకాయంత మెల్లిగా వదిలాను. పక్కనే మంచి మడి మట్టితో ఇంకో గ్లాసు. రెండో గ్లాసులో గడ్డ విడిపోయి అడుగున కూలింది, పైన నీరు తేటగానే ఉంది. మొదటి దాంట్లో గడ్డ చుట్టూ పొగలా కమ్ముకుని, గంటలో గ్లాసంతా మబ్బు పట్టింది. మర్నాటికి కూడా తేరుకోలేదు.

పీహెచ్ 8.8. ల్యాబుకి పంపితే మార్పిడి సోడియం, అంటే మట్టి రేణువులకి అంటుకున్నది, 18 శాతం, 15 దాటితేనే కారుచౌడు కింద లెక్క. అసలు ఇది మొదటి రోజు నుంచీ రెండూ కలిసిన చౌడు. సముద్రపు తీరు ఉప్పులో సోడియమే ఎక్కువ. ఉప్పు దండిగా ఉన్నంతసేపూ ఆ ఉప్పే మట్టి రేణువుల్ని కలిపి పట్టి ఉంచుతుంది, పీహెచ్ పెరగనివ్వదు, నేల పాలచౌడులా నటిస్తుంది. మంచినీళ్ళతో కడిగేసరికి ఉప్పు పోయి, అంటుకున్న సోడియం మిగిలి, మట్టి విచ్చుకుపోయింది. పాలచౌడని నేను గీత గీసిన రోజే కొన్ని వందలు ఖర్చు పెట్టి సోడియం పరీక్ష చేయించి ఉంటే కడిగే ముందే జిప్సం వేసేవాళ్ళం. దుకాణదారు జిప్సం అన్నప్పుడు నవ్వాను. ఆయన చెప్పిన మందు సరైనదే, చెప్పిన వేళే తప్పు: మురుగు పోయే దారి లేని నేలలో, పైరు నిలబడి ఉండగా వేయించాడు. నేను మందూ తప్పు చెప్పాను. రైతుకి ఈ మాట చెప్పి ఆ ఏడు ఫీజు తీసుకోలేదు.

డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచౌంగ్ తుపాను తీరం దాటింది. కోతకొచ్చిన చేను మొత్తం పడిపోయింది. పట్టీలో ఏడు బస్తాలన్నారు కానీ తడిసిన ధాన్యం, పడిన చేను, ఆ అంకెని నేను దేనికీ వాడను.

2024లో వరస మార్చాం. మే నడిమి జల్లులకి పట్టీలో జీలుగ చల్లాం, ఉప్పుకి ఓర్చే పచ్చిరొట్ట అది. నలభై అయిదు రోజులకి రొమ్మెత్తు పెరిగింది, గట్టు దగ్గర మాత్రం మోకాలెత్తు. జూలై మొదట్లో ల్యాబు లెక్క ప్రకారం 45 సెంట్లకి 600 కిలోల జిప్సం చల్లి, జీలుగతో కలిపి దమ్ము చేసి, ఆ తర్వాతే రెండు తడవలు కడిగాం. కుళ్ళే పచ్చిరొట్ట వదిలే ఆమ్లాలు కూడా నేలలోని సున్నాన్ని కరిగించి కాల్షియాన్ని బయటికి తెస్తాయి. ఆగస్టు ఆఖరికి మడి నీళ్ళు తేరాయి. పిల్లాడు వీడియో పంపాడు, నీటి అడుగున నత్త పాకుతున్న జాడతో సహా.

ఆ డిసెంబరులో పట్టీలో పది బస్తాలు. మిగతా చేలో ఎకరానికి 29. నైరుతి మూల రెండు మూడు సెంట్లు ఎప్పటికీ లేవలేదు. అక్కడ ఇప్పుడు గేదెలకి గడ్డి.

కౌలు రైతు లెక్క

మెచ్చుకునేముందు డబ్బు చూడాలి. కాలువలో సగం, తలుపు తూము, జిప్సం, జీలుగ, కూలి కలిపి రైతు చేతి నుంచి ముప్ఫై వేలకి పైనే పోయింది. పట్టీ మీద అదనంగా వచ్చింది అయిదు బస్తాలు. ఆ ఏడు మద్దతు ధర క్వింటాకి 2,300, అంటే 75 కిలోల బస్తా 1,725. అయిదు బస్తాలకి తొమ్మిది వేల లోపు. తుపాను, తెగులు ఏదీ రాకపోయినా ఖర్చు తిరగడానికి మూడు నాలుగు సార్వాలు.

ఆయన కౌలు నోటిమాట, ఏడాదికి. 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు కార్డు వస్తుంది, పదకొండు నెలలకి, అదీ యజమాని సంతకం పెడితే. ఈయనకి పెట్టలేదు. నేల బాగుచేసే పనికి నాలుగేళ్ళు కావాలి, చేసేవాడికి నేల మీద పదకొండు నెలల భరోసా కూడా లేదు. రిపోర్టులో నేను రాసిన సూచనలన్నీ సాంకేతికంగా సరైనవే. మనిషికి మాత్రం సరిపోలేదు. ఇంకోసారి ఇలాంటి కేసు వస్తే యజమానిని కూర్చోబెట్టకుండా పలుగు పట్టించను.

2025

ఆ ఏడు పట్టీకి పెద్ద మేలు నా వల్ల జరగలేదు. ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద సుంకం 50 శాతానికి పెంచింది. రొయ్య ధర పడింది. అవతలి కౌలుదారు సెప్టెంబరులో పట్టుబడి చేసి మళ్ళీ సీడ్ వెయ్యలేదు. చెరువు ఎండగట్టాడు. మూడు వారాల్లో మొదటి గొట్టంలో నీళ్ళు చేను మట్టం కన్నా ఎనిమిదంగుళాలు కిందికి దిగాయి. మూడేళ్ళలో మొదటిసారి.

నవంబరులో చెరువు భూమి యజమాని ఫోన్ చేశాడు. కౌలుదారు వదిలేస్తానంటున్నాడట. "మళ్ళీ వరి కిందకి వత్తదాండి ఇది? మా నాన్న టైములో ముప్ఫై బస్తాలు పండిందండి."

వెళ్ళి చెరువు అడుగున తొమ్మిది చోట్ల మట్టి తీశాను. పైన జానెడు నల్లబురద, గంధకం వాసన. కింద పగుళ్ళలో తెల్లటి ఉప్పు. ఈ పక్క చేలో రైతు కొడుకు గొట్టాలు పీకాలా ఉంచాలా అని అడిగాడు. ఉంచమన్నాను. వస్తూ వస్తూ చెరువు మట్టి గోళీకాయంత తెచ్చి, కిటికీలో వాన నీళ్ళ గ్లాసులో వేశాను. ఇవాళ్టికి రెండో రోజు, నీళ్ళు ఇంకా మబ్బుగానే ఉన్నాయి. ఈసారి సోడియం పరీక్షకి మొదటే పంపాను.